బొంకులదిబ్బ దాటినా వదలని బాకీ

గురజాడ ‘కన్యాశుల్కం’ విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. పూటకూళ్లమ్మ సామాను తెమ్మని ఇచ్చిన డబ్బు సొంతానికి వాడేసుకున్న గిరీశం, ఊళ్లో మొహం చెల్లక, శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి చెక్కేస్తాడు. ఆ రోజుల్లో ఊరు దాటితే సగం బాకీ దాటినట్టే. అప్పిచ్చినవాళ్లు బండి కట్టుకుని వెతుక్కుంటూ రావాలి.

ఇప్పుడు రాజాంలోనో టెక్కలిలోనో ఇంజినీరింగ్ చదివి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు చేరిన పిల్లల చదువు బాకీకి బండి అక్కర్లేదు. పాన్ నంబరుతో పాటే అది ప్రయాణం చేస్తుంది. వాయిదా ఒక నెల తప్పితే ఆ సంగతి ముంబయిలోని క్రెడిట్ సమాచార సంస్థకు చేరుతుంది. ఆ తర్వాత మధురవాడలో ఇల్లు కొందామని వెళ్లినప్పుడు బ్యాంకు మేనేజరు తెరమీద ఆ నెల కనిపిస్తుంది.

చదువు రుణం వాయిదా ఆలస్యమైతే ఏమవుతుంది, ఏ దశలో ఏం చేయొచ్చు, క్రెడిట్ చరిత్ర చెడకుండా ఎలా కాపాడుకోవాలి, ఈ విషయంలో న్యాయస్థానాలు, విధానకర్తలు ఎక్కడ ఏకీభవించడం లేదు అన్నవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళ్లతో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం. మొత్తం చూశాక నాకు తోచింది ఒకటే. ఇక్కడి కుటుంబాలకు డబ్బు లేకపోవడం వల్ల జరిగే నష్టం కంటే, డబ్బు లేదని సమయానికి చెప్పకపోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

అప్పు ఎక్కడ పుడుతుంది

కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆసరా ఉంది. అయితే ప్రభుత్వ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకున్నప్పుడు కాలేజీలు పిల్లల దగ్గరే ముందు కట్టించుకున్న సందర్భాలు మనకు కొత్త కావు. మేనేజ్‌మెంట్ కోటా, ప్రైవేటు వైద్య కళాశాల, పొరుగు రాష్ట్రంలో నర్సింగ్, విదేశాల్లో ఎంఎస్ అయితే ఆ ఆసరా కూడా ఉండదు. అక్కడ బ్యాంకు గడప తొక్కక తప్పదు.

ఈ రుణాలకు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో రూపొందించిన నమూనా పథకమే పునాది. 4 లక్షల వరకు తనఖా గానీ మూడో మనిషి జామీను గానీ అడగకూడదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. 2015లో కేంద్రం రుణ హామీ నిధి పెట్టాక అర్హమైన రుణాలకు ఈ వెసులుబాటు 7.5 లక్షల వరకు పెరిగింది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికి పూచీకత్తు లేకుండానే రుణం వస్తుంది. మొదటి జాబితాలో 860 సంస్థలున్నాయి. మన పిల్లలు చేరే కాలేజీ అందులో ఉందో లేదో సీటు తీసుకునే ముందే చూసుకోవాలి.

చదువు కాలం, ఆపై ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. చాలా ఇళ్లలో మొదటి పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. వాయిదా ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగేళ్ల కోర్సుకు ఏటా ప్రారంభంలో లక్ష చొప్పున 4 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. మారటోరియం ముగిసేసరికి సాధారణ వడ్డీయే 1.4 లక్షలవుతుంది. అసలుకు అది కలిసి 5.4 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,136 రూపాయలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 5,803. నెలకు 1,300 పైగా భారం తగ్గినట్టుంటుంది గానీ, మొత్తం మీద దాదాపు 1.88 లక్షలు అదనంగా కట్టాలి.

ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. పై లెక్కలో ఆ 1.4 లక్షలూ మాయమైనట్టే. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం సమయానికి ఇవ్వకనో, అసలు అలాంటిది ఉందని తెలియకనో దీన్ని వదులుకుంటే, వాయిదా తప్పడానికి అప్పు తీసుకున్న రోజే బీజం పడుతుంది.

ఎందుకు ఆలస్యమవుతుంది

ఎగ్గొడదామనే ఉద్దేశంతో వాయిదా మానేసేవాళ్లు తక్కువ. ఈ ప్రాంతంలో ఆలస్యానికి దారితీసే కారణాలు వేరు.

మొదటిది కోచింగ్ కాలం. డిగ్రీ చేతికి రాగానే బ్యాంకు పరీక్షలు, రైల్వే, డీఎస్సీ, గ్రూప్స్ అంటూ శ్రీకాకుళంలోనో విశాఖలోనో గది తీసుకుని చదివే పిల్లలు ఇక్కడ ఇంటికొకరు. ఆ ప్రిపరేషన్ రెండు మూడేళ్లు నడుస్తుంది. మారటోరియం మాత్రం ఏడాదికే ముగుస్తుంది. మొదటి ఈఎంఐ తేదీ వచ్చేసరికి పిల్లవాడి చేతిలో హాల్ టికెట్ ఉంటుంది, జీతం ఉండదు.

రెండోది కబురు చేరకపోవడం. రుణం తీసుకున్న రోజు ఇచ్చింది తండ్రి ఫోన్ నంబరు, ఊరి చిరునామా. అయిదేళ్లలో సిమ్ మారింది, పిల్లవాడు ఊరు మారాడు. బ్యాంకు ఎస్సెమ్మెస్ చదువురాని తండ్రి ఫోన్‌లో ప్రకటనల మధ్య పడి ఉంటుంది.

మూడోది బ్యాంకులే మారిపోవడం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. శ్రీకాకుళం కేంద్రంగా ఉండిన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిస్తే, 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి. విలీనమైన ప్రతిసారీ ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, ఒక్కోసారి ఖాతా నంబరు మారుతుంది. జీతం ఖాతా నుంచి వాయిదా తనంతట తాను వెళ్లేలా ఇచ్చిన ఆదేశం పాత వివరాలతోనే ఉండిపోతే, డబ్బు ఉండి కూడా వాయిదా తప్పుతుంది. జీతం 7న పడుతుంటే వాయిదా 1న కోసేలా ఉండటం ఇదే కోవలోది. ఈ రెండూ ఒక దరఖాస్తుతో సరిదిద్దుకోగలిగినవే.

నాలుగోది ప్రకృతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను. తిత్లీ దెబ్బకు పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ తోట ఆదాయం మీద లెక్క కట్టుకున్న చదువు అప్పు ఆ ఏళ్లన్నీ ఆగదు.

90 రోజుల లెక్క

వాయిదా తేదీ దాటిన మరునాటి నుంచే ఖాతా మీద ఒక గుర్తు పడుతుంది. 30 రోజుల వరకు దాన్ని ఎస్‌ఎంఏ 0 అంటారు. 31 నుంచి 60 దాకా ఎస్‌ఎంఏ 1. 61 నుంచి 90 దాకా ఎస్‌ఎంఏ 2. 90 రోజులు దాటితే మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ. ఈ లెక్క ప్రతి రోజు చివర కంప్యూటరు చేసేదే. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు దీన్ని మరింత స్పష్టం చేసింది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు వాయిదాలు కట్టి బయటపడటం కుదరదు. బకాయి మొత్తం, అసలూ వడ్డీ కలిపి తీరిస్తేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.

అందుకే మొదటి 90 రోజులు బంగారం. ఎనభయ్యో రోజున కట్టిన 7 వేలు, వందో రోజున కట్టిన 7 వేలు ఒకటి కావు. మొదటిది ఖాతాను ఒక మెట్టు వెనక్కి తెస్తుంది. రెండోది బకాయిని కాస్త తగ్గిస్తుందే తప్ప ఆ ముద్రను చెరపదు.

ఆలస్యానికి పడే జరిమానా విషయంలో ఇటీవలి మార్పు మనకు మేలు చేసేదే. వడ్డీ రేటు మీద అదనపు వడ్డీ వేసే పద్ధతి 2024 నుంచి పోయింది. ఇప్పుడు వేసేది జరిమానా రుసుము మాత్రమే. దాన్ని అసలులో కలిపి మళ్లీ దాని మీద వడ్డీ వేయకూడదు. రుణ ఖాతా స్టేట్‌మెంటు తీసుకుని చూస్తే ఈ నిబంధన పాటించారో లేదో తెలుస్తుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి చక్రవడ్డీ లెక్కను వేళ్ల కణుపుల మీద పట్టేసే పెద్దవాళ్లు కూడా బ్యాంకు స్టేట్‌మెంటును చూడకుండా మడిచి పెట్టెలో పెట్టేయడం మన అలవాటు.

ఎన్‌పీఏ తర్వాత ఏం జరుగుతుందన్న దాని మీద ఊళ్లలో భయాలూ అపోహలూ సమానంగా ఉన్నాయి. ఇల్లో స్థలమో తనఖా పెట్టి ఉంటే 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనానికి వెళ్లగలదు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. తనఖా లేని చిన్న రుణానికి మిగిలేది సివిల్ దావా, లేదా లోక్ అదాలత్. 20 లక్షలు, ఆపై బాకీలైతే రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. వాయిదా కట్టలేకపోవడం నేరం కాదు. పోలీసులు వచ్చి పట్టుకుపోతారని బెదిరించే వసూలు ఏజెంటుది అబద్ధం. ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఏజెంట్లు ఫోన్ చేయకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

ఇంకో అపోహ ప్రోనోటు నుంచి వచ్చింది. మూడేళ్లు గడిస్తే నోటుకు కాలదోషం పడుతుందని పల్లెల్లో అందరికీ తెలుసు. చదువు బాకీ కూడా అలాగే చచ్చిపోతుందని కొందరు ఓపిక పడతారు. మధ్యలో బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా, కొంత కట్టినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తుంది. దావాకు గడువు దాటినా క్రెడిట్ రిపోర్టులో ఆ గీత అలాగే ఉంటుంది.

మాఫీ మీద ఆశ మరొకటి. 2014 ఎన్నికల రుణమాఫీ హామీ రైతుల పంట రుణాలకు, డ్వాక్రా రుణాలకు సంబంధించింది. మాఫీ అవుతుందని వాయిదాలు మానేసి, వడ్డీలు పెరిగి ఇబ్బంది పడిన ఇళ్లు చాలా ఉన్నాయి. చదువు రుణాల విషయంలో పెద్ద ఎత్తున ఇచ్చిన ఊరట ఒకటే చెప్పుకోవాలి. 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్లో, 2009 మార్చి ఆఖరుకు ముందు తీసుకున్న రుణాల మీద 2013 డిసెంబరు దాకా పేరుకున్న వడ్డీని కేంద్రం తీసుకుంది. అసలు ఎవరూ మాఫీ చేయలేదు. బ్యాంకు ‘రైటాఫ్’ చేసిందంటే మాఫీ అయిందని అర్థం కాదు. అది బ్యాంకు తన పద్దు సర్దుకోవడమే. వసూలు ఆగదు. క్రెడిట్ రిపోర్టులో అది చాలా చెడ్డ ముద్ర.

అడిగితే దొరికేవి

నమూనా పథకం నిబంధనల్లో ఉద్యోగం లేని కాలానికి, అరకొర జీతం వచ్చే కాలానికి, రుణ కాలంలో రెండు మూడు సార్లు వాయిదాలు నిలిపే వీలు ఉంది. మొదట్లో తక్కువగా కట్టి, జీతం పెరిగేకొద్దీ వాయిదా పెంచుకునే పద్ధతి ఉంది. కోర్సు అనుకున్న సమయానికి పూర్తికాకపోతే రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది. గడువును పదిహేనేళ్ల దాకా చాచే వీలు ఉంది. ఇవేవీ వాటంతట అవి రావు. దరఖాస్తు రాయాలి.

ఎప్పుడు రాయాలి అన్నదే కీలకం. కోచింగ్‌లో ఉన్న పిల్లవాడు మారటోరియం ముగియడానికి రెండు నెలల ముందే, ‘ఉద్యోగం రాలేదు, ఇన్ని నెలలు గడువు కావాలి’ అని రాసి, బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. అప్పటికి ఖాతా శుభ్రంగా ఉంటుంది కాబట్టి మేనేజరుకూ చేయి స్వేచ్ఛగా ఆడుతుంది. బకాయి పడ్డాక చేసే సర్దుబాటు ‘రీస్ట్రక్చర్’ అన్న ముద్రతో రిపోర్టులోకి ఎక్కే ప్రమాదం ఉంది. కరోనా కాలంలో 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా అందరికీ ఇచ్చిన వాయిదా విరామం ఒక విపత్తు కోసం ఇచ్చినది. ప్రతిసారీ అలా అడగకుండా వస్తుందనుకోవద్దు.

మొత్తం కట్టలేకపోతే కొంతైనా కట్టాలి. లెక్కలో బకాయి రోజులు పాత వాయిదా నుంచి నడుస్తాయి. అందుకని మూడు వాయిదాలు బాకీ ఉంటే, కనీసం అన్నిటికంటే పాతది పూర్తిగా తీర్చడం ముఖ్యం. యాప్ లోన్ తెచ్చి ఈఎంఐ కట్టడం మాత్రం నిప్పును నూనెతో ఆర్పడమే. ఒక బాకీ రెండవుతుంది, రెండూ రిపోర్టులోకి ఎక్కుతాయి.

బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కోర్టు దాకా వచ్చిన బాకీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో వడ్డీ తగ్గించి రాజీ కుదురుస్తారు. అక్కడ సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగాలి. దాని వల్ల నా ఖాతా ‘క్లోజ్డ్’ అవుతుందా, ‘సెటిల్డ్’ అవుతుందా?

రిపోర్టులో మిగిలేది

ఈ రెండు మాటల మధ్య తేడా పెద్దది. ‘క్లోజ్డ్’ అంటే పూర్తిగా తీర్చారు. ‘సెటిల్డ్’ అంటే బ్యాంకు కొంత వదులుకుంది. లక్ష మిగులుతుందని సెటిల్‌మెంటుకు ఒప్పుకున్నవారికి, తర్వాత ఇంటి రుణం దొరకకపోతే ఆ లక్ష చాలా ఖరీదైనదవుతుంది. చేతిలో డబ్బు లేనివారికి సెటిల్‌మెంటే దారి కావొచ్చు. అప్పుడు కూడా తర్వాత మిగిలిన మొత్తం కట్టి ‘క్లోజ్డ్’ చేయించుకునే వీలుందా అని కాగితం మీద అడిగి ఉంచుకోవాలి.

మన దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి. మంచి చేసినా చెడు చేసినా అది ఇప్పుడు త్వరగా చేరుతుంది. ఏడాదికోసారి ప్రతి సంస్థ నుంచీ పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. కట్టిన వాయిదా కట్టనట్టు చూపినా, మూసిన ఖాతా తెరిచినట్టు చూపినా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. డబ్బులిస్తే సిబిల్ పెంచుతామనే ఏజెంట్లు చేయగలిగింది ఏదైనా ఉందంటే, అది మీరు ఉచితంగా చేయగలిగిన ఈ ఫిర్యాదే. నిజంగా తప్పిన వాయిదాను ఎవరూ చెరపలేరు. వరుసగా సమయానికి కట్టిన నెలలే దాన్ని మెల్లగా వెనక్కి నెడతాయి.

ఆ మచ్చ పిల్లవాడి ఒక్కడిదే కాదు. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి రిపోర్టులోనూ అదే ఉంటుంది. కొడుకు బెంగళూరులో వాయిదా మరిచిపోతే, నరసన్నపేటలో తండ్రి పంట రుణం రెన్యువల్‌కు వెళ్లినప్పుడు మేనేజరు మొహం మారుతుంది.

ఈ ప్రాంతానికి మరో దెబ్బ కూడా ఉంది. ఐబీపీఎస్, స్టేట్ బ్యాంకు నియామక ప్రకటనల్లో క్రెడిట్ చరిత్ర సరిగా ఉండాలన్న షరతు కొన్నేళ్లుగా కనిపిస్తోంది. బకాయిలుంటే చేరేలోపు తీర్చి రుజువు చూపాలి. 2025లో మద్రాసు హైకోర్టు, పాత రుణ బకాయిల కారణంగా స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేయడాన్ని సమర్థించింది. బ్యాంకు ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకుంటూ వాయిదాలు వదిలేసిన పిల్లవాడు, ఏ ఉద్యోగం కోసం వాటిని వదిలాడో ఆ ఉద్యోగానికే అడ్డం తెచ్చుకున్నట్టు.

తేలని ప్రశ్నలు

న్యాయస్థానాలు అన్నీ ఒకే దారిలో లేవు. తండ్రి స్కోరు బాగాలేదని పిల్లలకు చదువు రుణం నిరాకరించకూడదని కేరళ హైకోర్టు 2020లో చెప్పింది. విద్యార్థి స్కోరు తక్కువైనా సరే నిరాకరించొద్దని 2023లో మళ్లీ చెప్పింది. చదువు తర్వాత సంపాదించే శక్తిని చూడాలన్నది ఆ కోర్టు తర్కం. ప్రజల డబ్బు నిర్వహించేవాడికి సొంత డబ్బు మీద క్రమశిక్షణ ఉండాలన్నది మద్రాసు తర్కం. రెండిటిలోనూ న్యాయం ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు కేరళ దృష్టి, ఆ తర్వాత మద్రాసు దృష్టి వర్తిస్తాయని సర్దుకోవచ్చు గానీ, ఉద్యోగం రాకే వాయిదా తప్పినవాడికి ఆ తప్పినందుకే ఉద్యోగం రాకుండా పోతే ఆ చక్రం ఎక్కడ తెగాలో ఎవరూ చెప్పలేదు.

దీనికి మూలం వాయిదా ఒకే మొత్తంలో ఉండటం. ఆస్ట్రేలియా 1989 నుంచి, బ్రిటన్ ఆ తర్వాత, జీతం ఒక మెట్టు దాటాకే అందులో కొంత శాతం చదువు అప్పుకు కోసే పద్ధతి పెట్టుకున్నాయి. అమెరికాలో ఫెడరల్ రుణం ఎగవేత కింద లెక్కకు రావడానికి 270 రోజులు పడుతుంది. మన దగ్గర జీతం 15 వేలైనా 50 వేలైనా వాయిదా ఒకటే, గడువు 90 రోజులే. బ్యాంకుల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. 2022లో ప్రభుత్వ రంగ బ్యాంకుల చదువు రుణాల్లో మొండి బాకీలు 8 శాతానికి దగ్గరగా చేరాయి. వసూలు కాదనిపిస్తే కొత్త పిల్లలకు రుణం ఇవ్వడానికి మేనేజర్లు జంకుతారు. జీతాన్ని బట్టి వాయిదా మారే పద్ధతి మనకు వచ్చేదాకా, నమూనా పథకంలో ఉన్న మెట్ల వాయిదా, నిరుద్యోగ విరామాలను రుణం ఇచ్చిన రోజే తల్లిదండ్రులకు తెలుగులో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వడం బ్యాంకులు చేయగలిగిన పని.

మిగిలింది మన పని. ‘బ్యాంకోళ్లకి మొకం ఎలా సూపించాలి?’ అని ఆగిపోయే ఇంట్లోనే, ప్రతి నెలా డ్వాక్రా సంఘం సమావేశానికి వెళ్లే తల్లి ఉంటుంది. ఈ నెల డబ్బు కుదరకపోతే పది మంది మధ్య ఆ మాట చెప్పడం, ఎప్పుడు కడతానో చెప్పడం, వాళ్ల చేత తిట్టించుకుని సర్దుబాటు చేసుకోవడం ఆమెకు ఏళ్లుగా అలవాటు. చదువు అప్పు విషయంలో మాత్రం తండ్రి తలదించుకుంటాడు, కొడుకు ఫోన్ ఎత్తడు, ఆమెను ఎవరూ అడగరు. వాయిదా తప్పేలా ఉన్న ఇంట్లో, బ్రాంచికి దరఖాస్తు పట్టుకుని ముందు వెళ్లాల్సింది ఆమే.